కాటుక లైసెన్సు

పెదకోనపాలెంలో కాటుక నేరమైంది ఒక మంగళవారం నాడు. పొద్దున్న పదకొండింటి దాకా ఆ సంగతి వరహాలమ్మకి తెలియదు.

అప్పటికి ఆవిడ పెరట్లో ఏడు దీపాలు వెలిగించుకుని కూర్చుంది. గుంటగలగరాకు రసంలో నానబెట్టి నీడన ఆరేసిన గుడ్డతో వత్తులు, ప్రమిదల్లో ఆముదం, ఒక్కో ప్రమిద మీద మూడు ఇటుకముక్కల ఆసరాతో బోర్లించిన ఇత్తడి పళ్ళెం. పళ్ళెం లోపలివైపు మసి పట్టాలి. గాలి తగిలితే మంట వంకరపోతుంది, మసి సరిగ్గా పట్టదు. అందుకని చుట్టూ పాత చీరలు కట్టి, పిల్లని జోకొడుతున్నట్టు పక్కనే కూర్చోవాలి. పద్దెనిమిదేళ్ళుగా వరహాలమ్మ చేస్తున్న పని అదే. ఆవిడ మసి పడుతుంది. పక్కింటి నూకరత్నం దాన్ని నెయ్యి వేసి కల్వంలో నూరుతుంది. పొదుపు సంఘంలో మిగతా ఎనిమిదిమందీ చిటికెన వేలంత డబ్బాల్లోకి ఎత్తుతారు. ఏడాది పొడుగునా అమ్మేది ఒక ఎత్తయితే అమ్మవారి జాతర మూడురోజులూ ఒక ఎత్తు. ఆ మూడురోజుల బేరంతోనే పది కొంపల్లో పిల్లల బడి పుస్తకాలూ, వానాకాలానికి బియ్యమూ ఇంట్లోకి వస్తాయి. జాతర ఇంక పన్నెండు రోజులుంది. ఎనిమిది వందల డబ్బాలు కావాలి. మూడు వందలు తయారయ్యాయి.

అలాంటి సమయంలో చీర తెర పక్కకి తొలగింది. గాలి లోపలికొచ్చి మూడు దీపాలు ఆరిపోయాయి. గాలి వెనక ఆబ్కారీ సర్కిల్ ఇన్‌స్పెక్టరు కోదండపాణి, ఆయన వెనక నలుగురు కానిస్టేబుళ్ళు, వాళ్ళ వెనక ఫోటోలు తీసేవాడూ వచ్చారు.

"ఎక్కడివాళ్ళక్కడే ఉండండి! ఎవ్వరూ ఏదీ ముట్టుకోవద్దు!"

నూకరత్నం చేతిలో కల్వం రాయి అలాగే ఉండిపోయింది. వరహాలమ్మ మాత్రం ఆరిన దీపాలకేసి చూసి, "అయ్యో బాబూ, సారా బట్టీ అనుకున్నారా? సారా కాదండి, కాటుకండి ఇది" అంది.

"కాటుకేనమ్మా. కాటుక కోసమే వచ్చాం" అన్నాడు కోదండపాణి. జేబులోంచి కాగితం తీసి గొంతు సవరించుకున్నాడు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఆల్కహాలు అను రసాయనిక పదమునకు, కాటుక అర్థముగల అరబ్బీ పదము జన్మస్థానమని నిపుణుల సంఘము నిర్ద్వంద్వముగా ధ్రువీకరించినందున, సదరు కాటుకను సమస్త మద్యములకు ఆదిరూపముగా పరిగణించి, దాని తయారీ, నిల్వ, రవాణా, వినియోగములను తక్షణమే నిషేధించడమైనది."

"మళ్ళీ ఓసారి చదవండి బాబూ" అంది నూకరత్నం. "మొగోళ్ళు తాగే మందుకి ఆడోళ్ళు పెట్టుకునే కాటుక తల్లా?"

"తల్లి కాదు, ముత్తవ్వ. చాలా తరాలు గడిచాయి" అన్నాడు కోదండపాణి. మనిషి చెడ్డవాడు కాదు. మజ్జిగ ఇస్తే తాగి, తనకి తెలిసినంతవరకు విడమరిచి చెప్పాడు.

సంగతేమిటంటే, ఎన్నికల్లో మద్యాన్ని సమూలంగా తీసేస్తామని పైవాళ్ళు మాట ఇచ్చారు. మాట ఇచ్చాక నిలబెట్టుకోవాలి. బ్రాందీ కొట్లు మూసేద్దామంటే వాటిని నడిపేది శాఖే. తన కొట్టు తనే మూసుకోవడం శాఖాపరంగా అమర్యాద. ఏం చెయ్యాలా అని ఒకటిన్నర సంవత్సరం కమిటీ వేసుకుని కూర్చున్నారు. ఆ కమిటీకి ఒకరోజు రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు డాక్టరు సోమయాజులు గారు ఉపన్యాసం ఇచ్చారు. ఆల్కహాలు అనే మాట ఎక్కడ పుట్టిందో చెప్పారు. సభ ముగిసేసరికి పైవాళ్ళందరి మొహాలూ వెలిగిపోయాయి. నరకవలసిన వేరు ఎక్కడుందో దొరికింది. అక్కడ నరికితే శాఖకి నష్టం లేదు.

"మరి మా ఇంటెదురుగా ఉన్న బ్రాందీ కొట్టో?" అంది వరహాలమ్మ.

"అది చివరి దశమ్మా. శాఖ మొదటి దశనుంచి వస్తోంది. కొట్టు దాకా రావడానికి టైము పడుతుంది."

పంచనామా రాశారు. ఇత్తడి పళ్ళేలు ఏడు, ప్రమిదలు ఏడు, మసి మానెడు, తయారైన సరుకు మూడు వందల డబ్బాలు. దీపం పక్కన వెచ్చగా పడుకున్న నల్లపిల్లిని జాబితాలో చేర్చాలా వద్దా అని కాసేపు చర్చ జరిగింది. పిల్లి నలుపు పుట్టుకతో వచ్చిందని నూకరత్నం పూచీ పడ్డాక వదిలేశారు.

మర్నాటినుంచి ఊళ్ళో రెప్పపరీక్షలు మొదలయ్యాయి. బస్టాండు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు తెల్లరుమాళ్ళతో నిలబడి, వచ్చే పోయే ఆడవాళ్ళ కళ్ళకింద తుడిచి చూశారు. రుమాలు నల్లబడితే కేసు. బడిలో నాట్యం నేర్చుకునే పిల్లలు పదిహేనుమందిని వ్యానెక్కించారు. పెళ్ళికూతురొకత్తె కారులోంచి దిగనని మొండికేస్తే, కారు అద్దంలోంచే పరీక్ష చేసి, తాళి కట్టే ముహూర్తం దాకా వ్యక్తిగత పూచీ మీద వదిలారు. అప్పుడే ఎదుటి బ్రాందీ కొట్లోంచి బయటికొచ్చిన పెద్దమనిషి ఒకాయన, కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడి, ఆ పెళ్ళికూతురికేసి జాలిగా చూశాడు. "ఇంత చిన్న వయసులో ఎందుకమ్మా ఈ పాడు అలవాటు? ఒంటికి మంచిది కాదు" అన్నాడు. కానిస్టేబుళ్ళు ఆయన్ని మెచ్చుకుని, జాగ్రత్తగా రోడ్డు దాటించారు.

గురువారం నాడు వరహాలమ్మ, నూకరత్నం బస్సెక్కి జిల్లా ఆఫీసుకి వెళ్ళారు. పళ్ళేలు వెనక్కొస్తే ఇప్పటికైనా కూర్చుని ఎలాగో జాతరకి అందించొచ్చని వరహాలమ్మ ఆశ.

సూపరింటెండెంటు త్రివిక్రమరావు గారి గదిలో పెద్ద బల్ల, బల్లమీద వాళ్ళ కాటుక డబ్బా ఒకటి సీలు వేసి ఉంది. పక్క కుర్చీలో శాలువా కప్పుకున్న ముసలాయన తల వంచుకుని కూర్చున్నారు. ఆయనే సోమయాజులు గారు. ఇప్పుడు శాఖకి గౌరవ పదమూల సలహాదారు.

"చూడమ్మా, మీ సరుకు శాంపిలు ప్రయోగశాలకి పంపాం" అన్నాడు త్రివిక్రమరావు. "ఆల్కహాలు శాతం సున్నా అని రిపోర్టు వచ్చింది."

"చూశారా! మేం చెప్తోంది అదేగదండీ!" అంది వరహాలమ్మ, ప్రాణం లేచొచ్చి.

"తొందరపడి సంతోషించకు. ఆల్కహాలు వర్గంలో చేరిన ఘాటు సరుకు ఏదైనా అందులో నలభై రెండు పైచిలుకు శాతం ఉండాలని శాఖ లెక్క. నీ సరుకులో సున్నా. దాని అర్థమేమిటి? కల్తీ. నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నీళ్ళు కలిపినవాళ్ళని చూశాను, రంగు కలిపినవాళ్ళని చూశాను. అసలు సరుకే కలపని వాళ్ళని ఇదే చూడ్డం."

వరహాలమ్మ ముసలాయనకేసి చూసింది. "బాబూ, తమరే ఏదో చెప్పారంట గదండీ మా కాటుక గురించి. అదేటో మాకూ చెప్పండి."

సోమయాజులు గారు శాలువా సర్దుకున్నారు. "అల్ కుహ్ల్ అంటే అరబ్బీలో కంటికి పెట్టుకునే మెత్తటి నల్లపొడమ్మా. ఆ మాట యూరపు వెళ్ళింది. అక్కడ రసవాదులు ఏ మెత్తటి పొడినైనా ఆ పేరుతోనే పిలిచారు. తర్వాత పొడి పోయి, దేన్నైనా కాచి తీసిన సారానికి ఆ పేరు పెట్టారు. ద్రాక్షసారాయిలోంచి తీసినదాన్ని ద్రాక్ష ఆల్కహాలన్నారు. వాడగా వాడగా ద్రాక్ష రాలిపోయింది, ఆల్కహాలు మిగిలింది. అంతే తల్లీ. నేను చెప్పింది మాట చేసిన ప్రయాణం. సరుకు గురించి కాదు."

"ఇంటి పేరు ఒకటైనంత మాత్రాన అందరూ ఒక కంచంలో తినరు గదండీ" అంది నూకరత్నం.

"అదే, అదే! ఎంత చక్కగా చెప్పావు!" అంటూ ముసలాయన త్రివిక్రమరావు వైపు తిరిగారు. "నేను నా మాట వెనక్కి తీసుకుంటున్నానండీ. మా ఆవిడ కాటుక లేనిదే గుమ్మం దాటదు. మంగళవారం నుంచి నాకు కాఫీ ఇవ్వడం మానేసింది."

త్రివిక్రమరావు నవ్వాడు. పెద్దవాళ్ళ అమాయకత్వం చూసి చిన్న ఉద్యోగులు నవ్వే నవ్వు అది. "డాక్టరు గారూ, మీరు చెప్పారు. కమిటీ ఆమోదించింది. పైవారు చప్పట్లు కొట్టారు. ఇప్పుడది విజ్ఞానం కాదండీ. ఫైలు."

"అలా అయితే గ్యాసు అనే మాట గందరగోళం అనే అర్థమున్న గ్రీకు మాటనుంచి కట్టారు. రేపు వంటింటి సిలిండరు మీద శాంతిభద్రతల కేసు పెడతారా ఏమిటి?"

త్రివిక్రమరావు కలం తీశాడు. "ఏమన్నారు? గ్యాసా? నెమ్మదిగా చెప్పండి, రాసుకుంటాను. అది మా పరిధి కాదు, పోలీసు శాఖకి పంపుతాను."

సోమయాజులు గారు రెండు చేతులతోనూ నోరు మూసుకున్నారు.

"జాతర పది రోజుల్లో ఉందండి" అంది వరహాలమ్మ. "పదిళ్ళవాళ్ళం దానిమీదే బతుకుతున్నాం. పళ్ళేలు ఇప్పించండి. మా అత్త చేతినుంచి వచ్చినవి అవి. కొత్త పళ్ళేనికి మసి అంత తొందరగా పట్టదు."

త్రివిక్రమరావు రాయి కాదు. అతనికి నిబంధనలంటే భక్తి, అంతే. నిబంధనలోంచే దారి వెతికాడు. నిషేధం అంటే పూర్తిగా నిషేధమని కాదట. లైసెన్సు తీసుకున్నవాళ్ళకి వర్తించదట. మద్యం విషయంలో శాఖ అనుసరిస్తున్న ఉదార విధానమే కాటుకకీ అన్వయిస్తుందట. బీరువాలోంచి ఫారం తీశాడు. కాటుకకి వేరే ఫారం అచ్చు కాలేదు కాబట్టి బ్రాందీ కొట్టు ఫారమే.

"ఇరవై ఒక్క సంవత్సరాలు నిండనివారికి అమ్మరాదు" చదివాడు.

"అంటే పుట్టిన బిడ్డకి బుగ్గన చుక్క పెట్టాలంటే ఇరవై ఒక్క ఏళ్ళు ఆగాలా?" అంది నూకరత్నం.

"వయసు ధ్రువీకరణ పత్రం చూపించాలి. డబ్బా మీద హెచ్చరిక వెయ్యాలి. కాటుక ఆరోగ్యమునకు హానికరం, కాటుక పెట్టుకుని వాహనము నడపరాదు. కొలత నూట ఎనభై మిల్లీలీటర్లకి తగ్గరాదు."

"ఒక్కోళ్ళకి క్వార్టరు సీసాడు కాటుకా? గోడలకి రాసుకోమనా?"

కొలత విషయంలో త్రివిక్రమరావు తన విచక్షణాధికారం ఉపయోగించి మినహాయింపు ఇచ్చాడు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. అమ్మే చోటు గుడికీ బడికీ వంద మీటర్ల అవతల ఉండాలి, ఇనప షట్టరుండాలి, శాఖ ఆమోదం ఉండాలి. జాతర జరిగేది గుడి దగ్గర. వరహాలమ్మ ఇల్లు బడి గోడని ఆనుకుని ఉంది.

త్రివిక్రమరావు మ్యాపు పరిచి, స్కేలు పెట్టి అరగంట కొలిచాడు. పెదకోనపాలెం మొత్తంమీద నిబంధనలన్నీ తీరిన చోటు ఒక్కటే కనిపించింది. వరహాలమ్మ ఇంటెదురు వరసలో, మలుపు దాటాక ఉన్న బ్రాందీ కొట్టు.

"అందులో ఒక పక్క బల్ల వేసుకో. ఒకే శాఖ సరుకు, ఒకే కప్పు కింద. చూడ్డానికీ సమంజసంగా ఉంటుంది" అని సంతకం పెట్టాడు.

పళ్ళేలు వచ్చాయి. సంఘం ఆడవాళ్ళు పదిమందీ పొద్దున్న వంట ముగించి వరహాలమ్మ పెరట్లో చేరారు. ఏడు దీపాలు పద్నాలుగయ్యాయి. ఇళ్ళలో ఉన్న ఇత్తడి పళ్ళేలన్నీ బోర్లపడ్డాయి. సోమవారంనాడు వరహాలమ్మ గంపతో బ్రాందీ కొట్లో అడుగుపెట్టింది. సీసాల పెట్టెల మధ్య ఒక బల్ల ఖాళీ చేసి ఇచ్చారు. కొట్టుకి ముందువైపు ఇనప జాలీ, జాలీకి చెయ్యి పట్టేంత కంత ఒకటి ఉంది. సరుకేదైనా ఆ కంతలోంచే ఇవ్వాలి. వరస కూడా ఒక్కటే. శాఖ ఆడా మగా తేడా పాటించదు.

మొదటిరోజు పదిగంటలకి కొట్టు ముందు నలభైమంది ఆడవాళ్ళున్నారు. పదకొండింటికి వరస రోడ్డు మలుపు దాటింది. ఆరు రోజులు కాటుక దొరక్కపోయేసరికి, ఎప్పుడూ పెట్టుకోనివాళ్ళకి కూడా పెట్టుకోవాలనిపించింది. చెవిటి ముసలమ్మలొచ్చారు. చంకన పిల్లల్ని వేసుకుని కోడళ్ళొచ్చారు. బడి పంతులమ్మలు విరామం చూసుకుని వచ్చారు. సోమయాజులు గారి భార్య భ్రమరాంబ గారు జిల్లా కేంద్రంనుంచి బస్సులో వచ్చి, గొడుగు వేసుకుని వరసలో నిలబడ్డారు.

పన్నెండింటికి మామూలుగా వచ్చే మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మలుపు తిరిగారు. ఆగిపోయారు.

తాపీ పనివాడు గవర్రాజు వరసలో చేరి, ముందున్న జడ ఎవరిదో చూసి అదిరిపడ్డాడు. అది వాళ్ళత్తగారిది.

"ఏం అల్లుడూ, నువ్వూ కాటుక్కేనా?" అందావిడ, ఊరంతా వినేలాగ.

"ఆయ్... అవునండత్తయ్యగారూ. మీ అమ్మాయి తెమ్మందండి."

"మా అమ్మాయి నా ముందే ఉందిగా" అందావిడ. గవర్రాజు నెమ్మదిగా వెనక్కి వెనక్కి నడిచి, మలుపు దాటాక పరిగెత్తాడు.

మధ్యాహ్నం మూడింటివేళ కంతలోంచి ఒక చెయ్యి లోపలికొచ్చింది. లోపల కూర్చున్న వరహాలమ్మకి మొహాలు కనబడవు, చేతులే కనబడతాయి. ఈ చేతి బొటనవేలికి అడ్డంగా పాత గాటుంది. పెళ్ళయిన కొత్తలో మామిడికాయలు తరుగుతూ కోసుకున్నప్పుడు తన చీర కొంగు చించి కట్టు కట్టిన వేలు. ఆవిడ మొగుడు వీర్రాజుది. ఎప్పుడూ ఇదే కంతలోంచి ఇదే వేళకి ఈ చెయ్యి లోపలికి రావడం ఆవిడకి తెలుసు. లోపలివైపునుంచి చూడడం మాత్రం ఇదే మొదలు.

"క్వార్టరు" అంది జాలీ అవతలినుంచి గొంతు, గుసగుసగా.

వరహాలమ్మ ఒక కాటుక డబ్బా తీసి ఆ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. చెయ్యి ఒక్క క్షణం కదల్లేదు. ఆ వేళ్ళ మెత్తదనం ఎవరిదో దానికి తెలిసింది. తర్వాత మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం వీర్రాజు వెలుగుండగానే ఇంటికొచ్చి, అరుగుమీద కూర్చుని, డబ్బా మూత తీస్తూ మూస్తూ, "దీన్లో నెయ్యి ఎక్కువయినట్టుంది" అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో కాటుక గురించి అతను మాట్లాడిన మొదటి మాట అది.

ఐదారు రోజులు గడిచాయి. పెదకోనపాలెం కొట్లో సీసాల పెట్టెలు దుమ్ము పట్టాయి. మందు కావలసినవాళ్ళు పక్క ఊరు వెళ్దామంటే, లైసెన్సు విధానం బాగుందని పైవాళ్ళు జిల్లా అంతా వర్తింపజేశారు. ప్రతి కొట్టు ముందూ పెళ్ళాలు, అత్తలు, వదినలు, పిన్నమ్మలు. జాతర మొదటిరోజున కొట్టు మేనేజరు సాయంత్రం దాకా ఈగలు తోలుకున్నాడు. వరహాలమ్మ డబ్బాలు ఎనిమిది వందలూ మధ్యాహ్నానికే అయిపోయి, పెరట్లోంచి వెచ్చటివి తెప్పించింది.

రెండోరోజు త్రివిక్రమరావుకి పైనుంచి ఫోను వచ్చింది. "మద్యం వాడకం తగ్గిపోతోందేమిటయ్యా?" అని అడిగారట. "మూలం నరికాం కదండీ, ఫలితం వస్తోంది" అని ఈయన సగర్వంగా చెప్పాడట. ఆ వెంటనే అవతలినుంచి తిట్లు.

మూడోరోజు ఉదయం జాతర జనం కొట్టు ముందునుంచి గుడివైపు వెళ్తుండగా, కోదండపాణి జీపు దిగి చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. చేతిలో కొత్త ఉత్తర్వు ఉంది. జాలీ ముందు నిలబడి అందరికీ వినబడేలా చదివాడు.

"సమగ్ర పునఃపరిశీలన అనంతరము తేలినదేమనగా, ఆల్కహాలు అను పదమునకు పుట్టుక లేదు. అది మొదటినుండి అలాగే ఉన్నది. కావున కాటుకకును ఈ శాఖకును గతమున గాని, వర్తమానమున గాని, భవిష్యత్తున గాని ఎట్టి సంబంధమును లేదు."

"అంటే?" అంది వరహాలమ్మ.

"అంటే నీకు స్వేచ్ఛ వచ్చేసిందమ్మా! లైసెన్సక్కర్లేదు. ఎక్కడ కావాలంటే అక్కడ, ఎవరికి కావాలంటే వాళ్ళకి అమ్ముకో. గంప తీసుకుని జాతరలోకి పో. ఈ బల్ల మాత్రం ఇప్పుడే ఖాళీ చెయ్యాలి."

వరహాలమ్మ కాగితం అడిగి తీసుకుంది. నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుకుంది. మడిచి జాకెట్లో పెట్టుకుంది. గంప ఎత్తుకుని కొట్లోంచి బయటికొచ్చి, మెట్లు దిగి, నూకరత్నం చేత రోడ్డు పక్కన గోనెపట్టా పరిపించుకుని, సరిగ్గా కొట్టు గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. వరస మొత్తం జాలీ దగ్గర్నుంచి కదిలి వచ్చి ఆవిడ ముందు నిలబడింది.

"ఇదేంటి? ఇక్కడ కూర్చున్నావేంటి?" కోదండపాణి గబగబా వచ్చాడు. "జాతరలోకి పొమ్మన్నాను కదా!"

"ఇక్కడ బేరం కుదురుకుంది బాబూ."

"కుదరదు. ఇక్కడ కాటుక అమ్మకూడదు. లే."

"కాటుక్కీ మీకూ గతంలో లేదు, ఇప్పుడు లేదు, ఇకమీదట లేదు అని ఇందాక తమరే చదివారు" అంది వరహాలమ్మ, డబ్బా మూత బిగిస్తూ. "కొట్లో బల్ల మీది, ఇచ్చేశాను. ఇది రోడ్డు. ఏ సంబంధముందని నన్ను లెమ్మంటున్నారో చెప్పండి, లేస్తాను."

కోదండపాణి ఉత్తర్వు కోసం చెయ్యి చాపాడు. అది ఆవిడ జాకెట్లో ఉందని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జీపువైపు చూశాడు, కొట్టువైపు చూశాడు.

"బాబూ, కొనేవాళ్ళయితే వరసలోకి రండి" అంది నూకరత్నం. "కాకపోతే కాస్త పక్కకి జరగండి. కొట్లోకి పోయే మొగోళ్ళకి దారి అడ్డంగా ఉన్నారు."

ఆయన పక్కకి జరిగాడు. ఆడవాళ్ళు కూడా సర్దుకుని, గుమ్మం దాకా విశాలంగా దారి వదిలారు. చీకటిపడి కొట్టు మూసేదాకా ఆ దారి అలాగే ఖాళీగా ఉంది.